ఆరామం అంటే తోట: బౌద్ధ క్షేత్రాల్లో నేల, నీరు, చెట్టు

తవ్వకాల నివేదికల్లో తరచుగా కనిపిస్తూ, అంతే తరచుగా అర్థం కోల్పోయిన మాట ఆరామం. స్తూపానికి వ్యాసం ఉంటుంది, చైత్యగృహానికి పొడవు వెడల్పులుంటాయి, విహారానికి గదుల లెక్క ఉంటుంది. ఆరామానికి మాత్రం కొలత లేదు. ఈ కట్టడాలన్నిటికీ కలిపి పెట్టిన పేరుగానే అది నిలిచిపోయింది. పాళీలోనూ సంస్కృతంలోనూ ఆ మాటకు తోట అన్న అర్థం ఉంది. మనసుకు హాయి గొలిపే చోటు అన్న అర్థమూ ఉంది. రాజగృహంలో బింబిసారుడు బుద్ధప్రముఖ సంఘానికి ధారపోసినది వెదురుతోపు. శ్రావస్తిలో అనాథపిండికుడు కొన్నది జేతకుమారుని ఉద్యానం. వైశాలిలో ఆమ్రపాలి సమర్పించినది మామిడితోట. ముందు తోట ఉంది. గోడలు, గదులు తరువాత అందులోకి వచ్చాయి.

నేడు ఈ వరుస తలకిందులైంది. తవ్వి తీసిన ఇటుక గోడలను నిలబెట్టిన తరువాత, చుట్టూ మిగిలిన జాగాను సుందరీకరణ పేరిట పచ్చికతో, పూలమళ్లతో, సిమెంటు బాటలతో నింపడం రివాజయింది. ఖాళీగా కనిపించే ఆ జాగాయే ఒకప్పటి ఆరామం. దాని ఆనవాళ్లు కొన్ని ఇంకా నేలలోనే ఉన్నాయి. వాటిని గుర్తుపట్టాలంటే వినయపిటకాన్ని, దానశాసనాలను, కొండరాతిపై తొలిచిన కాలువలను పక్కపక్కన పెట్టి చదవాలి.

వేళువన దానానికి ముందు బింబిసారుడు స్థలం గురించి చేసిన ఆలోచన మహావగ్గలో ఉంది: ఊరికి మరీ దూరం కారాదు, మరీ దగ్గర కారాదు, రాకపోకలకు అనువుగా ఉండాలి, పగలు జనసమ్మర్దం, రాత్రి సద్దు తక్కువగా ఉండాలి. విహారాలకూ వాణిజ్య మార్గాలకూ గల సంబంధాన్ని చర్చించేవారు ఈ భాగాన్ని విరివిగా ఉదాహరించారు. నేల విషయంలో దీనికంటె వివరమైన సమాచారం 6, 7 సంఘాదిసేస నియమాల్లో ఉన్నా, వాటికి దక్కిన శ్రద్ధ తక్కువ.

దాత లేకుండా భిక్షువు తన కోసం తానే కుటి కట్టుకోదలిస్తే దాని కొలత 12 సుగత జానల పొడవు, 7 జానల వెడల్పు మించరాదు. అంతకంటె ముఖ్యమైనది స్థల పరిశీలన. భిక్షువు ముందుగా చోటు శుభ్రపరచి సంఘానికి విన్నవించుకోవాలి. సంఘం గాని, సంఘం నియమించిన భిక్షువులు గాని స్వయంగా వచ్చి చూడాలి. ఆ చోట చీమలు, చెదలు, ఎలుకలు, పాములు, తేళ్లు నివాసముండరాదు. ఏనుగులు, పులులు తిరిగే తావు కారాదు. ధాన్యపు చేనుకు గాని, వధ్యస్థలానికి గాని, శ్మశానానికి గాని, రాజు భూమికి గాని, నాలుగు దారుల కూడలికి గాని ఆనుకొని ఉండరాదు. కుటి చుట్టూ ఎడ్లు పూన్చిన బండి తిరిగేంత జాగా ఉండాలి. ఇవన్నీ సరిచూచిన తరువాతే అనుమతి. నేటి పురపాలక సంఘాల నిర్మాణ నిబంధనల్లో చుట్టూ వదలవలసిన ఖాళీ ఉంటుంది గాని, చీమల పుట్ట గురించి అడిగే అధికారి ఉండడు.

7వ నియమం పుట్టిన సందర్భం ఇంకా గమనించదగినది. కౌశాంబిలో ఛన్నుడనే భిక్షువుకు విహారం కట్టించడానికి ఒక గృహస్థు ముందుకొచ్చి, చోటు చూసుకొమ్మన్నాడు. ఛన్నుడు ఆ చోటును చదును చేయిస్తూ ఒక చైత్యవృక్షాన్ని నరికించాడు. ఊరూ, పట్టణమూ, జనపదమూ పూజించుకొనే చెట్టది. జనం మండిపడ్డారు. ఏకేంద్రియ జీవిని హింసించారన్నారు. దాత ఉన్నా, ధనం ఉన్నా, విహారానికి కూడా సంఘం వచ్చి స్థలం చూచి ఒప్పుకోవాలన్న నియమం అప్పుడు ఏర్పడింది. ఆ చెట్టు బౌద్ధుల చెట్టని వినయం ఎక్కడా చెప్పదు. అది జనుల చెట్టు, అంతే. ఒకరి నివాసం కోసం పదిమందికీ చెందిన చెట్టును తొలగించడమే అక్కడి దోషం.

పాచిత్తియ నియమాల్లో 10వది నేల తవ్వరాదంటుంది, 11వది మొక్కను ధ్వంసం చేయరాదంటుంది. మొలకెత్తే తీరును బట్టి మొక్కలను ఐదుగా విభజించారు: పసుపు, అల్లం వలె వేరు నుంచి వచ్చేవి, రావి, మర్రి వలె కాండం నుంచి వచ్చేవి, చెరకు, వెదురు వలె కణుపు నుంచి వచ్చేవి, కొమ్మ చివర నాటితే వచ్చేవి, ధాన్యాలు, పప్పుల వలె గింజ నుంచి వచ్చేవి. తోటమాలికి తెలిసిన విద్యను వినయధరుడు శాస్త్రంగా కూర్చినట్టుంది. 10వ నియమపు వివరణలోనూ అటువంటి నిశిత దృష్టే ఉంది. అది నేలను 'జాత', 'అజాత' అని రెండుగా చూస్తుంది. రాళ్లూ పెంకులూ తక్కువగా ఉన్న మట్టి జాతపృథివి. కాలిన మట్టి అజాతం. కుప్పగా పోసిన మట్టి మీద నాలుగు నెలలకు మించి వానలు కురిస్తే అది మళ్లీ జాతమవుతుంది. కదిలిన మట్టికీ కదలని మట్టికీ తేడా పట్టడం పురావస్తు తవ్వకంలో మొదటి పాఠం. దాన్ని వేరే ప్రయోజనానికైనా ఇంత స్పష్టంగా రాసిపెట్టిన ప్రాచీన గ్రంథం మరొకటి చూపడం కష్టం.

మరి నేల తవ్వరాని, కొమ్మ విరవరాని భిక్షువు తోటను ఎలా నిలుపుకున్నాడు? ఆ పని ఆరామికులది. పిలిందవచ్ఛ స్థవిరునికి బింబిసారుడు 500 మంది ఆరామికులను ఇచ్చాడని, వారికి ప్రత్యేకంగా ఒక ఊరే ఏర్పడిందని మహావగ్గ చెబుతుంది. వారు స్వేచ్ఛగా పనిచేసినవారా, రాజాజ్ఞకు కట్టుబడినవారా అన్నది తేలికగా దాటవేయదగిన ప్రశ్న కాదు. మనుషులను భూమితోపాటు దానమిచ్చిన కాలమది. బౌద్ధ ఆరామాన్ని ప్రకృతితో మమేకమైన నిర్మల జీవనంగా మాత్రమే వర్ణించే నేటి రచనలు ఈ చేతులను మరచిపోతున్నాయి. తోట పచ్చగా ఉండడానికి వెనుక ఒక ఊరి శ్రమ ఉంది.

చుల్లవగ్గ చెప్పే మరికొన్ని విషయాలు కట్టడాల శిథిలాలతో నేరుగా సరిపోలతాయి. మేకలు, పశువులు వచ్చి నాటిన మొక్కలను పాడుచేస్తున్నాయని భిక్షువులు చెప్పుకుంటే, వెదురు దడి, ముళ్లకంచె, కందకం అనే మూడింటికి అనుమతి లభించింది. పరివేణం బురదగా మారితే కంకర చల్లమన్నారు, రాతిపలకలు పరచమన్నారు. నీరు నిలిచిపోతే కాలువ తీయమన్నారు. జేతవనంలో అనాథపిండికుడు కట్టించినవాటి జాబితాలో గదులు, ఉపస్థానశాల, అగ్నిశాలతోపాటు చంక్రమణ మార్గాలు, బావులు, బావి పందిళ్లు, పుష్కరిణులు ఉన్నాయి. ఇవేవీ అలంకారాలు కావు. ఇక ఆరామం, ఆరామ భూమి సంఘం సైతం పంచుకోరాని, ఎవరికీ ఇచ్చివేయరాని ఆస్తులు. వచ్చినవారూ ఇంకా రానివారూ కలిసిన చతుర్దిశ సంఘానికి అవి చెందుతాయి. ఇంకా రానివారికి కూడా హక్కున్న తోటను నేడున్నవారు తమ ఇష్టం వచ్చినట్టు మార్చరాదన్నది అందులోని తాత్పర్యం. వారసత్వ సంరక్షణ చట్టాలు చాలాకాలం తరువాత చెప్పినదీ ఇదే.

ఆరామం వెలుపలి బాటలకు ఇటువంటి ఆలోచనను విస్తరించినవాడు అశోకుడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై కూడా ఉన్న 2వ శిలాశాసనం, ఓషధులూ వేళ్లూ ఫలాలూ లేనిచోట తెప్పించి నాటించామని, దారుల పక్కన బావులు తవ్వించి చెట్లు పెంచామని చెబుతుంది. 7వ స్తంభశాసనంలో మనుషులకూ పశువులకూ నీడనిచ్చే మర్రి, మామిడి తోపుల ప్రస్తావన ఉంది. బావుల మధ్య దూరాన్ని చెప్పే మాటకు అర్ధక్రోశమనీ ఎనిమిది క్రోశాలనీ పండితులు వేర్వేరుగా అర్థం చెప్పారు. నిష్కారణంగా అడవిని తగలబెట్టరాదన్న ఆజ్ఞ 5వ స్తంభశాసనంలోది.

దక్కను, ఆంధ్ర దేశాల్లో ఆరామానికి ప్రాణం నీరు. పశ్చిమ కనుమల గుహల దానశాసనాల్లో 'పానీయపోఢి' అన్న మాట వస్తుంది. తాగునీటి తొట్టి అని అర్థం. గుహను దానం చేసినవారు దాని పక్కనే తొట్టిని కూడా తొలిపించి, రెంటినీ కలిపి శాసనంలో చెప్పుకున్నారు. కన్హేరి కొండపై నూరుకు పైగా ఉన్న గుహల మధ్య నడిస్తే, బండపై పడిన వానను సన్నని గాడుల ద్వారా తొట్లలోకి మళ్లించిన తీరు నేటికీ కనిపిస్తుంది. నాలుగు నెలల వానను ఎనిమిది నెలలు దాచుకోవడం అక్కడి లెక్క.

విశాఖపట్నం, భీమునిపట్నాల మధ్య సముద్రానికి ఎదురుగా ఉన్న కొండలది కూడా అదే కథ. తొట్లకొండ, బావికొండ అన్న పేర్లే అందుకు సాక్ష్యం. తొట్లకొండ ఆరామం పాత పేరు సేనగిరి అని శాసనాలను బట్టి తెలుస్తోంది. ఆ పేరు పోయింది, సంఘం పోయింది, స్తూపాలు మట్టిలో కలిశాయి. చుట్టుపక్కల జనం మాత్రం రాతిలో తొలిచిన నీటి తొట్లను మరచిపోలేదు; కొండకు వాటి పేరే పెట్టుకున్నారు. ఆ కొండపై శతాబ్దాలపాటు అందరికీ అక్కరకు వచ్చినది ఏదో ఈ పేరే చెబుతోంది. 1988లో మొదలైన రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు అక్కడి స్తూపాలను, విహారాలను బయటపెట్టాయి. 2019 అక్టోబరు వానలకు పునరుద్ధరించిన మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయింది. వాన నీటిని ఎటు పోనివ్వాలో తెలిసి కట్టిన క్షేత్రంలో వాన వల్లే ఈ నష్టం జరిగింది. కట్టడాన్ని నిలపడం ఎంత అవసరమో, దాని చుట్టూ పాత నీటి దారులను తెరిచి ఉంచడమూ అంతే అవసరమని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరపు శాసనం బోధిసిరి అనే ఉపాసిక చేసిన దానాలను వరుసగా పేర్కొంటుంది. చులధమ్మగిరిపై చైత్యగృహం, సీహళ విహారంలో బోధివృక్ష ప్రాసాదం, పుబ్బశైలంలో ఒక తటాకమూ మండపమూ, ఇంకా చోటచోట గదులు, రాతి మండపాలు. ఒకే దాత దృష్టిలో చైత్యం, చెట్టు, చెరువు ఒకే కోవలోకి వచ్చాయి. బోధివృక్షానికి ప్రాసాదం కట్టించిన ఆమెకు, చెరువు తవ్వించడం తక్కువ పుణ్యమనిపించలేదు. సింహళ సంప్రదాయంతో అక్కడి సంబంధం కూడా గుర్తుంచుకోవాలి. అనురాధపురం అభయగిరిలోని కుట్టం పొకుణ అనే జంట కొలనుల్లోకి నీరు నేరుగా రాదు. పక్కనున్న చిన్న తొట్టిలో ఒండ్రు దిగిన తరువాతే లోపలికి వస్తుంది. నీటిలోని ప్రాణులకు హాని కలగరాదని వడగట్టి తాగమన్న వినయం ఉన్నచోట ఈ పనితనం సహజమే.

సాంచీ పరిసరాల్లో 1998 నుంచి జరిగిన క్షేత్ర సర్వేలో జూలియా షా, నీటిశాస్త్ర నిపుణుడు జాన్ సట్‌క్లిఫ్‌తో కలిసి, కొండల మధ్య పదహారుకు పైగా పాత మట్టికట్టల ఆనకట్టలను గుర్తించి పరిశీలించారు. స్తూపాలు వెలసిన తొలి శతాబ్దాల్లోనే ఇవీ ఏర్పడ్డాయని, దిగువన వరి సాగుకు ఉపకరించి ఉంటాయని, సంఘానికి వీటితో సంబంధం ఉండివుంటుందని వారి ప్రతిపాదన. సంఘమే యాజమాన్యం వహించిందా అన్నదానిపై వాదానికి తావుంది. స్తూపపు కొండను చుట్టుపక్కల చేల నుంచి, చెరువుల నుంచి విడదీసి చదవడం మాత్రం ఇక కుదరదు.

సాంచీలోనే మరో చరిత్ర కూడా మొదలైంది. 1902లో పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చిన జాన్ మార్షల్, 1912 నుంచి 1919 వరకు సాంచీ కట్టడాలను నిలబెట్టాడు. శిథిలాల నడుమ పచ్చిక, చెట్లు, శుభ్రమైన బాటలు ఉండాలన్న ఆంగ్ల ఉద్యాన అభిరుచి కర్జన్, మార్షల్‌ల కాలంలో ఈ శాఖలో స్థిరపడింది. ఆగ్రా కేంద్రంగా ఉద్యాన విభాగమే నడుస్తోంది. ఈ పద్ధతిని కేవలం వలస పాలకుల విలాసంగా కొట్టివేయడం న్యాయం కాదు. పచ్చిక మట్టిని పట్టి ఉంచుతుంది, ముళ్లపొదలను రానివ్వదు, చూడవచ్చినవారికి నడవడానికి వీలిస్తుంది. మొగలు సమాధి తోటల్లో దానికి కొంత చారిత్రక సామ్యం కూడా చెప్పుకోవచ్చు. బౌద్ధ ఆరామంలో ఆ సామ్యమూ లేదు.

నష్టం మూడు విధాలుగా జరుగుతోంది. ఎండాకాలంలో పచ్చికకు రోజూ పెట్టే నీరు పునాదుల్లోకి దిగి, ఇటుక సందుల్లో పైకి పాకుతుంది. ఆ తేమతోపాటు వచ్చిన లవణాలు ఆరినచోట స్ఫటికాలై ఇటుక ముఖాన్ని పొరలు పొరలుగా రాలుస్తాయి. ఇక గొట్టాల కోసం, దీపాల తీగల కోసం తవ్వే కందకాలు ఏ నివేదికకూ ఎక్కని తవ్వకాలు. పాత పరివేణపు కంకర పొర, దడి పాతిన గుంతలు, చెట్టు పాదు ఆనవాలు అక్కడే పోతాయి. తవ్వకందారు చేతి తాపీతో వెతికే మార్పును తోటపనివాడి పలుగు ఒక్క పూటలో చెరిపివేస్తుంది. మూడవది మొక్కల ఎంపిక. త్వరగా పెరుగుతాయని తెచ్చిన నీలగిరి, సుబాబుల్ వంటి చెట్లు, దానంతటది వ్యాపించిన సర్కారు తుమ్మ, లాంటానా కలిసి ఎన్నో దిబ్బలను కప్పివేశాయి.

నాటు చెట్లతోనూ చిక్కు లేకపోలేదు. రావిచెట్టు బోధివృక్షం, ఇటుక స్తూపానికి దానంత శత్రువూ లేదు. పక్షి రెట్టతో వచ్చిన గింజ సందులో మొలిస్తే కొన్నేళ్లకు గోడ చీలుతుంది. సంరక్షకులు పీకివేయమంటారు, ఉపాసకులు వద్దంటారు, భిక్షువులకు కొమ్మ విరవడమే ఆపత్తి. మొలకను వేరుతోసహా తీసి ఆరామపు అంచున పాతడం అందరికీ సమ్మతమైన దారి. అది లేతగా ఉండగానే జరగాలి. బోధగయలో పాత చెట్టు 1876లో గాలివానకు కూలితే, 1881లో కొత్త మొక్క నాటించినవాడు పురావస్తు శాఖ వ్యవస్థాపకుడు కన్నింగ్‌హామ్. చెట్టు వారసత్వం రాతి వారసత్వం వంటిది కాదని, నాటుతూ ఉంటేనే అది నిలుస్తుందని ఆ పని చూపింది. ఫ్లోరెన్స్‌లో 1981లో రూపొందిన చారిత్రక ఉద్యానాల పత్రం తోటను సజీవమైనదిగా, నశించేదిగా, మళ్లీ పుట్టించుకోదగినదిగా వర్ణించింది. తగిన పరిశోధన లేకుండా తోటను పునరుద్ధరించరాదనీ అదే పత్రం నియమం పెట్టింది.

ఆ పరిశోధన ఆరామాల విషయంలో సాధ్యమే. తవ్విన మట్టిని నీటిలో తేర్చితే బొగ్గుగా మారిన గింజలు తేలుతాయి. తొట్టి అడుగు ఒండ్రులో పుప్పొడి, మొక్కల కణాల నాటి సిలికా రేణువులు మిగిలి ఉంటాయి. వీటిని బట్టి అక్కడ మామిడి ఉందా, నేరేడు ఉందా, వరి పొట్టు వచ్చిందా అన్నది చెప్పవచ్చు. అందుకే తొట్లలో పూడిక తీయడాన్ని శుభ్రత పనిగా గాక తవ్వకంగా పరిగణించి, పొరల వారీగా నమూనాలు తీసుకున్నాకే చేపట్టాలి. ఒకసారి పారవేసిన ఒండ్రు మళ్లీ దొరకదు. పునాదుల సమీపంలో నీరు పెట్టవలసిన పచ్చికను మానివేసి, కంకర పరచడం గాని, వానకు పెరిగి ఎండకు ఎండిపోయే స్థానిక గడ్డిని వదలడం గాని మేలు. పరివేణానికి కంకర వేయమన్న మాట చుల్లవగ్గలోనే ఉన్నది గనుక ఇది కొత్త అలంకారమనే ఆక్షేపణకూ తావుండదు. నీడ కావాలంటే కట్టడాలకు దూరంగా మర్రి, వేప, కానుగ, మామిడి నాటవచ్చు. ముందుగా ఆ చోట కింద ఏమున్నదో చిన్న పరీక్ష గుంటతో చూడాలి. పాత కాలువలు తెరిచి, వాననీరు తొట్లలోకి చేరనిస్తే, వేసవిలో మొక్కలకు బయటి నుంచి నీటి బండ్లు తెప్పించే అవసరం తగ్గుతుంది.

ఆరామాన్ని దాని నేల నుంచి వేరు చేస్తే ఏమవుతుందో నాగార్జునకొండ చూపింది. 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు సాగాయి. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. జలాశయంలో మునిగిపోయే లోయ నుంచి తొమ్మిది కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండపైకి తరలించారు. మరికొన్నిటికి నమూనాలు కట్టారు. అప్పటి పరిస్థితుల్లో అది అసాధారణమైన పని, అందులో పాల్గొన్నవారి నిబద్ధతను తక్కువ చేయడానికి వీల్లేదు. లోయ మాత్రం తరలిరాలేదు. కృష్ణ ఒడ్డున మెట్లు మెట్లుగా దిగిన స్నానఘట్టం నేడు ద్వీపంపై తన ఒడ్డు లేకుండా నిలబడి ఉంది. బోధిసిరి దానమిచ్చిన తటాకానికి నీరు ఎటునుంచి వచ్చేదో అడిగితే, జవాబు చెప్పవలసిన నేల జలాశయం అడుగున ఉంది.

ఇతర క్షేత్రాలకు ఆ గతి పట్టలేదు గాని, వాటి రక్షణకు చట్టం గీసిన గీత చిన్నది. 2010 సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఇటుకకూ రాతికీ ఈ దూరం కొంతవరకు చాలవచ్చు. కొండవాలు మీద వాన పడే చోటు, అక్కడి నుంచి తొట్టికి వచ్చే గాడి, దిగువన చేనుకు నీరిచ్చిన కట్ట ఈ గీతకు లోబడి ఉండవు. సాంచీ స్తూపాల కొండకు కిలోమీటర్ల దూరంలో ఉన్న పాత మట్టికట్టలను కొత్తగా వచ్చే రోడ్డో, ఇటుకబట్టీయో తవ్వుకుపోతే, 300 మీటర్ల నియమం వాటిని ఆపలేదు.